కడిగిన కార్పెట్ మీద సోఫా కాళ్ల మరకలు: ముందు అది తుప్పా, చెక్క రంగా తేల్చుకోండి

మీరు రాసినదాన్ని బట్టి జరిగింది ఇదీ: క్రీమ్ రంగు కార్పెట్‌ని మెషీన్‌తో కడిగించారు. అదే సాయంత్రం సోఫా, మంచం ఎక్కడివక్కడ పెట్టేశారు. వారం తర్వాత సోఫా జరిపితే ప్రతి కాలి కిందా ఎర్రగా, గోధుమ రంగులో మరక కనిపించింది. గిన్నెలు తోమే సబ్బు వేసి రుద్దితే అంచులకి పాకింది. ఇప్పుడు బ్లీచ్ వేయొచ్చా, అసలు ఇది పోయే మరకేనా అని అడుగుతున్నారు.

ఇలాంటి మరకలు చాలావరకు పోతాయి. పూర్తిగా పోకపోయినా, వంగి వెతికితే తప్ప కనపడనంతగా తగ్గుతాయి. అయితే అది తుప్పు మరకా, చెక్క నుంచి దిగిన రంగా అన్నది తేలేదాకా దాని మీద ఇంకేమీ వేయకండి. పైకి రెండూ ఒకేలా ఉంటాయి కానీ రెండింటి వైద్యం వేరు. తుప్పుకి ఆమ్లం కావాలి. అదే ఆమ్లం చెక్క రంగు మీద పడితే, నైలాన్, ఊలు పోగుల్లో ఆ రంగు ఇంకా గట్టిగా పట్టుకునే ప్రమాదం ఉంది, ఎందుకంటే ఈ రెండు పోగులకీ ఫ్యాక్టరీలో రంగు ఎక్కించేది కూడా ఆమ్లం సాయంతోనే. చెక్క రంగుకి హైడ్రోజన్ పెరాక్సైడ్ (రంగుని విరగ్గొట్టి తెల్లబరిచే ద్రావణం) బాగా పనిచేస్తుంది. అదే పెరాక్సైడ్‌ని తుప్పు మీద పోస్తే, ఇనుము దాని చర్యని విపరీతంగా పెంచి పోగునే దెబ్బతీస్తుంది.

బ్లీచ్ (బట్టలు తెల్లబరిచే క్లోరిన్ ద్రావణం) మాత్రం ఏ రకం మరకకీ వద్దు. తుప్పుని బ్లీచ్ పోగొట్టదు, ఇంకా ముదురు చేసి కూర్చోబెడుతుంది. మీది ఊలు కార్పెట్ అయితే పోగు కరిగిపోతుంది. నైలాన్ అయితే కార్పెట్ సొంత రంగు ఎగిరిపోయి పసుపుపచ్చ మచ్చ మిగులుతుంది, ఆ మచ్చని ఏ మందూ వెనక్కి తేలేదు. బ్లీచ్ వేశాక నన్ను పిలిచిన ఇళ్లలో నేను చేయగలిగింది ఆ ముక్క కోసి వేరే ముక్క అతకడం ఒక్కటే.

ఈ రాత్రికి చేయాల్సిన పని ఒకటుంది. మిగతా ఫర్నిచర్ కూడా ఎత్తి చూడండి. మంచం కోళ్ల కింద, బీరువా కింద ఇప్పటికీ తడి ఉండొచ్చు. చేత్తో తాకితే పైన పొడిగానే అనిపిస్తుంది, నమ్మకండి. తెల్ల టిష్యూ మడతపెట్టి, దాని మీద మడమతో అరనిమిషం నొక్కి నిలబడండి. టిష్యూ చెమ్మగిల్లితే అడుగున తడి ఉన్నట్టే. అలాంటి చోట కాలికీ కార్పెట్‌కీ మధ్య అల్యూమినియం రేకు గానీ మందపాటి ప్లాస్టిక్ ముక్క గానీ పెట్టి ఫ్యాన్ వేసి వదిలేయండి. మరక పడ్డ చోట సబ్బునీళ్లు, రుద్దడం రెండూ ఆపేయండి.

ఇక ఏ మరకో ఎలా తెలుసుకోవాలి?

సోఫాని పక్కకి ఒరిగించి కాళ్ల అడుగు భాగం చూడండి. చాలా సోఫాలకి అడుగున గుండ్రటి లోహపు బిళ్ల ఉంటుంది, శీలతో కొట్టినది. దాన్ని గోటితో గీకండి. నారింజ రంగు పొడి రాలితే, మీ మరక చాలావరకు తుప్పే. బిళ్ల ఇనుమా కాదా అన్న అనుమానం ఉంటే అయస్కాంతం దగ్గర పెట్టండి. అతుక్కుంటే లోపల ఇనుము ఉన్నట్టే, పైన ఇత్తడి పూత ఎంత మెరుస్తున్నా సరే. బిళ్లే లేకుండా చెక్క నేరుగా కార్పెట్ మీద ఆనుతుంటే, తెల్లగుడ్డని తడిపి ఆ అడుగు భాగాన్ని తుడవండి. గుడ్డకి ఎరుపో గోధుమో అంటుకుంటే సమాధానం మీ చేతిలోనే ఉంది.

మరకని కూడా దగ్గరగా చూడండి, కిటికీ దగ్గరి పగటి వెలుతురులో. తుప్పు మరక సాధారణంగా బిళ్ల కొలతకే గిరి గీసినట్టు ఉంటుంది. నడుమ ముదురు, నారింజ ఛాయ, పోగుల కొనలు వేలికి గరుకుగా పెళుసుగా తగులుతాయి. చెక్క రంగు అలా ఉండదు. కాలి అంచు వెంబడి చట్రంలా ముదురుగా ఉండి, బయటికి పోయేకొద్దీ పలచబడుతూ గులాబీ ఛాయలోకి దిగుతుంది. పోగు మెత్తగానే ఉంటుంది. మీరు రుద్దితే పాకిందన్నారు చూడండి, అది నన్ను చెక్క రంగు వైపు మొగ్గేలా చేస్తోంది. తుప్పు సబ్బునీళ్లకి అంతగా కదలదు. అయినా ఊహ మీద మందు వేయకూడదు కాబట్టి ఈ పరీక్ష చేయండి: దూది పుల్లని 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి, పిండి, మరక చివర రెండు మూడు పోగుల మీద అద్ది పట్టుకోండి. దూదికి రంగు దిగితే అది చెక్క రంగో పాలిషో. దూది తెల్లగానే ఉంటే, ఆల్కహాల్ ఆరాక అవే పోగుల మీద ఒక్క చుక్క నిమ్మరసం వేసి పది నిమిషాలు ఆగండి. మరక పలచబడి పసుపుకి తిరుగుతుంటే తుప్పు.

రెండూ కలిసిన మరకలు కూడా ఉంటాయి. ఓక్ లాంటి చెక్కలో టానిన్ అనే వగరు పదార్థం ఎక్కువ. అది ఇనుప శీలతో, తడితో కలిస్తే నీలం కలిసిన నలుపు వస్తుంది. పాతకాలపు సిరా తయారైంది ఈ చర్యతోనే. కాలి కింద నల్లటి మచ్చ చూసి బూజనుకుని కంగారు పడేవాళ్లు చాలామంది ఉంటారు. దానికి తుప్పు వైద్యమే చేయాలి, ఆక్సాలిక్ ఆమ్లానికి బాగానే లొంగుతుంది. ఆకుపచ్చ మరక కనిపిస్తే అది ఇత్తడి చక్రాల నుంచి దిగిన రాగి చిలుము. దానికీ ముందు సిట్రిక్ ఆమ్లం (నిమ్మ ఉప్పు) తోనే మొదలుపెట్టాలి.

ఇన్నేళ్లుగా అదే చోట ఉన్న సోఫా ఇప్పుడే ఎందుకు మరక చేసిందని మీకు అనిపించి ఉండాలి. కడిగిన కార్పెట్ పైపైన కొన్ని గంటల్లో ఆరుతుంది. పోగుల మొదళ్లు, వెనక అల్లిక ఆరడానికి సాధారణంగా ఆరు నుంచి పన్నెండు గంటలు, గాలి ఆడని గదిలో ఒక రోజంతా పడుతుంది. అంత బరువు కాలు పైన కూర్చుంటే ఆ చోట గాలి సోకదు, తడి ఎటూ పోలేక రోజుల తరబడి అక్కడే ఉంటుంది. ఇనుముకి తుప్పు పట్టడానికి అంతకంటే అనువైన చోటు లేదు. చెక్క విషయంలో ఇంకో సంగతి ఉంది. ఫర్నిచర్ కాళ్లకి నాలుగు పక్కలా వార్నిష్ వేస్తారు గానీ అడుగున, కోత పెట్టిన ముఖానికి, చాలాసార్లు ఏ పూతా ఉండదు. ఆ కోత ముఖంలో చెక్క నాళాలు తెరుచుకుని ఉంటాయి. దీపపు వత్తి నూనెని పీల్చినట్టు అవి కార్పెట్ తడిని పైకి లాగుతాయి, లోపలి రంగుని కరిగించి మళ్లీ కిందికి వదులుతాయి. కడగడానికి వాడిన సబ్బులో క్షారం మిగిలి ఉంటే ఈ పని ఇంకా తొందరగా జరుగుతుంది.

మందు దగ్గరికి వెళ్లే ముందు కార్పెట్ పోగు ఏమిటో తెలుసుకోండి. బిల్లులోనో, వెనక అంటించిన చీటీలోనో ఉంటుంది. లేకపోతే ఎవరికీ కనపడని మూల నుంచి ఒకటి రెండు పోగులు కత్తిరించి గ్లాసు నీళ్లలో పూర్తిగా ముంచి వదలండి. పైకి తేలితే పాలిప్రొపిలీన్, నీళ్ల కంటే తేలికైంది మామూలు కార్పెట్ పోగుల్లో అదొక్కటే. మునిగితే, ఇంకో పోగుని పట్టకారుతో పట్టుకుని సింకు మీద, నీళ్లు దగ్గర పెట్టుకుని కాల్చండి. వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, నలిపితే పొడైపోయే బూడిద మిగిలితే ఊలు. కరిగి గట్టి పూసలా బిగిస్తే నైలానో పాలిస్టరో.

ఇది తెలిస్తే సగం భయం పోతుంది. పాలిప్రొపిలీన్, పాలిస్టర్ పోగులు నీటి రంగుల్ని లోపలికి దాదాపు తీసుకోవు, మరక పోగు పైనే ఉంటుంది. చెక్క రంగు ఘోరంగా దిగిందని ఒక ఇంట్లో కార్పెట్ మార్చడానికి కొలతలు కూడా తీయించుకున్నారు. పోగు చూస్తే పాలిప్రొపిలీన్. ఆల్కహాల్, ఆ తర్వాత పలచటి సబ్బునీళ్లు, అంతకుమించి ఏమీ వాడకుండానే మొత్తం వచ్చేసింది. నైలాన్ అలా కాదు. రంగుని లోపలికి లాక్కునే గుణం దాని నిర్మాణంలోనే ఉంది, కాబట్టి ఓపిక కావాలి. ఊలుకి ఓపికతో పాటు మెల్లని చెయ్యి కూడా కావాలి. ఘాటైన క్షారం, వేడి, రుద్దుడు, ఈ మూడూ ఊలుకి పడవు.

ఏ మందైనా సరే, ముందు మూలలో ఒక చుక్క వేసి, పది నిమిషాలయ్యాక తెల్లగుడ్డతో నొక్కి, గుడ్డకి కార్పెట్ రంగు రావడం లేదని చూసుకున్నాకే మరక దగ్గరికి రండి.

మరక తుప్పు అయితే

ముందు ఆరిన మరక మీద చెంచా అంచుతో మెల్లగా గీకి, రాలిన పొడిని వాక్యూమ్‌తో లాగేయండి. తడిపాక గీకితే ఆ పొడి లోపలికి పోతుంది. తర్వాత సిట్రిక్ ఆమ్లంతో మొదలుపెట్టండి. ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాలు కలిపి, తెల్లగుడ్డని ముంచి, మరక వరకే తడిసేలా అద్దండి. పైన ప్లాస్టిక్ కాగితం కప్పి పావుగంట వదిలేయండి. తెల్లటి పొడిగుడ్డతో నొక్కి పైకి తీయండి. పసుపుపచ్చ గుడ్డకి వస్తూ ఉన్నంతసేపూ ఇదే మళ్లీ చేయండి. లేత తుప్పు దీనికే పోతుంది.

మొండికేస్తే ఆక్సాలిక్ ఆమ్లం. అది ఇనుముని పట్టుకుని నీళ్లలో కరిగే రూపంలోకి మార్చేస్తుంది, అందుకే తుప్పు మీద అంత బాగా పనిచేస్తుంది. ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్లకి ఒక చెంచా పొడి చాలు. కానీ అది విషం, ఒంట్లోకి పోతే కిడ్నీలని దెబ్బతీస్తుంది. రబ్బరు గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకుని, పొడి గాలిలో లేవకుండా కలపండి. పిల్లల్ని, పెంపుడు జంతువుల్ని ఆ గదిలోకి రానివ్వకండి. వాడిన గ్లాసుని మళ్లీ వంటింట్లోకి తేకండి. పక్కన పాలరాయి ఉంటే దాని మీద చుక్క కూడా పడకూడదు. పది నిమిషాల కంటే ఎక్కువ ఉంచకుండా గుడ్డతో తీసి, మంచినీళ్లు కొద్దికొద్దిగా అద్దుతూ పీలుస్తూ రెండు మూడుసార్లు కడగండి. ఆమ్లం లోపల మిగిలిపోతే ఆరాక ఆ చోటు గట్టిపడుతుంది, పోగు బలహీనపడుతుంది.

తుప్పు మందులని సీసాల్లో అమ్మే కొన్నింటిలో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం గానీ అమోనియం బైఫ్లోరైడ్ గానీ ఉంటుంది. తుప్పు క్షణాల్లో మాయమవుతుంది, నిజమే. కానీ చీటీ మీద ఫ్లోరైడ్ అని గానీ ఫ్లోరిక్ అని గానీ కనిపిస్తే ఆ సీసా ఇంట్లోకి తేకండి. పలచటి ద్రావణం చర్మం మీద పడితే వెంటనే మంట తెలియకపోవచ్చు. గంటల తర్వాత నొప్పి మొదలయ్యేసరికి అది లోపలికి దిగి, ఒంట్లోని కాల్షియాన్ని లాగేస్తూ ఉంటుంది. పొరపాటున పడితే వెంటనే ధారగా నీళ్లతో కడిగి, నొప్పి ఉన్నా లేకపోయినా ఆస్పత్రికి వెళ్లాలి. దానికి విరుగుడైన కాల్షియం గ్లూకోనేట్ జెల్ పక్కన పెట్టుకుని, దాన్ని వాడటం తెలిసినవాళ్లు ముట్టుకోవాల్సిన మందు అది. ఒక సోఫా మరక కోసం చేతివేళ్లని పణంగా పెట్టకండి.

మరక చెక్క రంగు అయితే

ఇక్కడ వరుస ముఖ్యం. ఆల్కహాల్, సబ్బునీళ్లు, ఆ తర్వాతే పెరాక్సైడ్. మీరు ఇప్పటికే సబ్బు వేశారు కాబట్టి ముందు ఆ సబ్బుని తీయాలి. చల్లటి మంచినీళ్లు కొంచెం అద్ది, మడతపెట్టిన తువ్వాలు వేసి పైన నిలబడండి. తువ్వాలుకి నురగ రావడం ఆగాక కార్పెట్‌ని పూర్తిగా ఆరనివ్వండి.

ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తీసుకోండి. కిటికీ తెరిచి, పొయ్యి, దీపం లాంటివి ఆర్పేసి కూర్చోండి. కార్పెట్ మీద పోయకూడదు, గుడ్డ మీద వేసుకోవాలి. ఆల్కహాల్ ధారగా లోపలికి దిగితే వెనక ఉన్న రబ్బరు జిగురు వదిలి, పై అల్లిక కింది పొర నుంచి ఊడిపోవచ్చు. మరక బయటి అంచు నుంచి నడుముకి వస్తూ అద్దండి. ప్రతి అద్దుడుకీ గుడ్డలో కొత్త చోటు. నేను తెల్ల నూలుగుడ్డని చిన్న మడతలుగా పెట్టుకుని, రంగు అంటిన మడతని లోపలికి తిప్పేస్తూ పోతాను. అంటిన చోటుతోనే మళ్లీ అద్దితే తీసిన రంగుని మీరే తిరిగి పెడుతున్నట్టు. మొదట గుడ్డకి ముదురు గోధుమ వస్తుంది, కాసేపటికి ఎరుపు, చివరికి లేత గులాబీ. ఇక ఏమీ రానప్పుడు ఆపి, ఒక గ్లాసు నీళ్లలో పావు చెంచా రంగులేని సబ్బు కలిపి అదే పద్ధతిలో అద్ది, మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి.

మిగిలేది చాలాసార్లు గులాబీ ఛాయ. గోధుమ రంగు పాలిష్‌లో కలిపిన రంగుల్లో ఎరుపు అన్నిటికంటే మొండిది, అన్నీ పోయాక అదే నిలబడుతుంది. మీ కార్పెట్ క్రీమ్ రంగు కాబట్టి 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడొచ్చు, ముందు మూలలో పరీక్ష చేసి. మరక తడిసేంత వేసి, ప్లాస్టిక్ కప్పి, రెండు మూడు గంటలు వదిలేయండి. ఒక్కసారికే పోవాలని ఎక్కువ శాతం ఉన్నది తేకండి. అదే 3 శాతం రేపు, ఎల్లుండి మళ్లీ వేయండి. అమోనియా చుక్కలు కలిపితే త్వరగా పనిచేస్తుందని మీకు ఎవరైనా చెప్పొచ్చు. నైలాన్‌కి అది నిజమే గానీ ఊలుకి ఆ కలయిక ప్రమాదం. నన్నడిగితే ఇంట్లో అమోనియా లేకుండానే చేయమంటాను, ఒక రోజు ఎక్కువ పడితే పడనివ్వండి. ఎండ నేరుగా పడే చోటయితే పెరాక్సైడ్ వేసినంతసేపూ తెర వేసి ఉంచండి, వెలుతురుకి దాని చర్య మన చేతిలో ఉండదు.

దానికీ పోని ఎరుపుకి మా పనివాళ్లం వాడేది సోడియం మెటాబైసల్ఫైట్ లాంటి క్షయకరణ మందు (పెరాక్సైడ్‌కి వ్యతిరేక పద్ధతిలో రంగుని విరగ్గొట్టేది), పైన ఆవిరి వేడి. మరకని ఆ ద్రావణంతో తడిపి, చెమ్మగా ఉన్న తెల్లగుడ్డ పరిచి, ఇస్త్రీపెట్టెని ఆ గుడ్డ మీద కొన్ని క్షణాలు ఆనించి ఎత్తుతాం. వేడికి రంగు విరిగి గుడ్డలోకి ఎక్కుతుంది. ఒక ఇంట్లో ఎర్ర పాలిష్ వేసిన భోజనాల బల్ల కాళ్ల మరకలు పెరాక్సైడ్‌కి గులాబీ దగ్గరే ఆగిపోతే, ఈ పద్ధతిలో ఒక పూటలో తెల్లబడ్డాయి. అయినా మీకు ఇది ఇంట్లో చేయమని చెప్పను. ఆ వేడి రెండు క్షణాలు ఎక్కువైతే సింథటిక్ పోగు కరుగుతుంది, మందు ఎక్కువైతే కార్పెట్ సొంత రంగు కూడా పోతుంది. పైగా దాన్నుంచి వచ్చే గంధకపు వాయువు ఉబ్బసం ఉన్నవాళ్లకి పడదు. అంతకుముందు వెనిగర్ లాంటి ఆమ్లం వేసి ఉంటే ఆ వాయువు ఇంకా ఎక్కువగా వస్తుంది. అందుకే ఎవరినైనా పిలిస్తే, ఇంతవరకూ మరక మీద ఏమేం వేశారో ఒక్కటీ దాచకుండా చెప్పండి. సబ్బు వేశానంటే ఎవరూ ఏమీ అనుకోరు. చెప్పకపోతే మాత్రం వాళ్లు వేసే మందు దేనితో కలుస్తుందో వాళ్లకి తెలియదు.

కలిపే సంగతి వచ్చింది కాబట్టి ఇది కూడా రాసేస్తాను: బ్లీచ్‌తో ఆమ్లం కలిస్తే క్లోరిన్ వాయువు, అమోనియా కలిస్తే క్లోరమైన్లు అనే విష వాయువులు పుడతాయి. రెండూ ఊపిరితిత్తులని కాల్చేస్తాయి. నిమ్మరసం, వెనిగర్ కూడా ఆమ్లాలే.

మరక పోయిందని సంతోషించి పడుకుంటారు, తెల్లారేసరికి మళ్లీ కనిపిస్తుంది. దీని గురించి ముందే చెప్పకపోతే మీరు మందు తప్పనుకుని ఇంకా ఘాటైనది వెతుక్కుంటారు. పోగు మొదట్లో, వెనక అల్లికలో మిగిలిన రంగు తడితో పాటు పైకి ఎక్కి, నీళ్లు కొనల దగ్గర ఆవిరైపోతే అక్కడే దిగబడుతుంది. అందుకని ప్రతి విడత చివరా తెల్ల తువ్వాలుని నాలుగైదు మడతలు పెట్టి మరక మీద వేసి, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన బరువైన పుస్తకాలు పైన పెట్టి రాత్రంతా వదిలేయండి. తడి కార్పెట్ కొనల్ని దాటి తువ్వాలులోకి పోతుంది, రంగు కూడా దానితోనే పోతుంది. ఉదయం తువ్వాలు విప్పి చూస్తే గోధుమ రంగు వలయం దిగి ఉంటుంది. వలయం రాని రోజు మీ పని అయిపోయినట్టు. ఈ ఒక్క పని చేయనందుకే వైద్యం సరిగ్గా చేసినా మరక తిరిగొచ్చిన ఇళ్లు నేను చాలా చూశాను.

కాళ్ల కింద కాకుండా గది మధ్యలో కూడా లేత గోధుమ పొరలా విస్తరించి ఉంటే అది ఫర్నిచర్ తప్పు కాదు. జనపనార అల్లిక ఉన్న కార్పెట్ ఎక్కువసేపు తడిగా ఉంటే, అందులోనూ క్షారపు సబ్బుతో కడిగితే, నారలోని రంగు పదార్థం పైకి వస్తుంది. కడిగినవాళ్లు పలచటి ఆమ్లంతో ఇంకోసారి కడిగి, త్వరగా ఆరబెడితే చాలావరకు సర్దుకుంటుంది.

రబ్బరు బిళ్లల గురించి కూడా ఒక మాట. మరక పడకూడదని కొందరు కాళ్ల కింద రబ్బరు బిళ్లలు పెడతారు. కొన్ని రకాల రబ్బరులో, అది పాడవకుండా కలిపే పదార్థాలు మెల్లగా కార్పెట్‌లోకి దిగి పసుపుపచ్చ మచ్చ చేస్తాయి. అది నెమ్మదిగా జరిగే పని కాబట్టి ఎవరూ గమనించరు, తర్వాత దాన్ని తీయడం దాదాపు అసాధ్యం. గట్టి ప్లాస్టిక్ బిళ్లలు వాడండి.

ఎక్కడ ఆపాలో కూడా తెలియాలి. మూడు విడతలు చేశాక గుడ్డకి ఏమీ రావడం లేదు, మరక మాత్రం అలాగే ఉంది అంటే ఆగండి. అక్కడి నుంచి ముందుకి వెళ్తే పోయేది మరక కాదు, కార్పెట్. కాళ్ల కింది మరకలకి ఒక వెసులుబాటు ఉంది, సోఫా మళ్లీ అక్కడే కూర్చుంటుంది. అది కుదరనప్పుడు ముక్క మార్చడం ఉంది. అల్మరా లోపల గానీ, మంచం కింద గానీ ఉన్న అదే కార్పెట్ నుంచి అంతే కొలతకి కోసి, పోగు వాలు ఒకే దిక్కుకి ఉండేలా చూసుకుని అతికిస్తారు. చెయ్యి తిరిగినవాళ్లు చేస్తే అతుకు కనపడదు. ఊలు కార్పెట్ మీద పాత తుప్పు గట్టిగా పట్టి ఉంటే, నేను మందులతో కుస్తీ పట్టకుండా నేరుగా ఇదే చెప్తాను.

కడిగినవాళ్లని అడగొచ్చా అంటే, తప్పకుండా అడగండి, మీరు ఇంకేదీ వేయకముందే. తడి కార్పెట్ మీద ఫర్నిచర్ తిరిగి పెడితే ప్రతి కాలి కిందా రేకో ప్లాస్టిక్ ముక్కో ఫోమ్ దిమ్మో పెట్టడం ఈ పనిలో మొదట నేర్చుకునే విషయం. ఫర్నిచర్ వాళ్లే తిరిగి పెట్టి ఉంటే మరకలు తీసే బాధ్యత వాళ్లది. మీరే పెట్టుకున్నారు అంటే, ఎన్ని గంటలు ఆగాలో మీకు చెప్పారా లేదా అన్నది ప్రశ్న. ఏమైనా వాళ్లు వాడిన సబ్బు పేరు, అది క్షారమా కాదా అన్నది కనుక్కోండి, తర్వాత చేయబోయే వైద్యానికి పనికొస్తుంది.

అన్నీ అయ్యాక సోఫా పెట్టే ముందు కాళ్ల అడుగు సంగతి చూడండి, లేకపోతే వచ్చే ఏడాది ఇదే మరక ఇదే చోట పడుతుంది. తుప్పు పట్టిన బిళ్లలు పీకేసి ప్లాస్టిక్‌వి కొట్టించండి. కోత ముఖానికి రంగులేని వార్నిష్ రెండు పూతలు వేసి, ఒక్కో పూత పూర్తిగా ఆరనివ్వండి. అడుగున కార్పెట్ ఆరిందో లేదో ఇందాక చెప్పిన టిష్యూ పరీక్షతో చూసుకోండి. ఆరింది అనిపించినా మొదటి రెండు మూడు రోజులు ప్లాస్టిక్ ముక్కలు తీయకండి.

దూది పుల్లకి ఏ రంగు దిగిందో, పోగు నీళ్లలో తేలిందో మునిగిందో ఇక్కడ రాయండి. వీలైతే పగటి వెలుతురులో తీసిన ఫొటో కూడా పెట్టండి, ఒకటి మరకది, ఒకటి సోఫా కాలి అడుగుది. అవి చూశాక పెరాక్సైడ్ దగ్గరికి వెళ్లాలా, ఆమ్లం దగ్గరికి వెళ్లాలా అన్నది కచ్చితంగా చెప్తాను.